నిదానంగా తిరిగే పంపు, తేటగా ఉండే నీళ్లు



ఎండాకాలం వచ్చిందంటే మన అపార్ట్‌మెంట్లలో స్విమ్మింగ్ పూల్‌కి గిరాకీ మొదలవుతుంది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ విశాఖలోనూ కాస్త పెద్ద గేటెడ్ కమ్యూనిటీ అంటే ఇప్పుడు పూల్ ఉండాల్సిందే. పొద్దున్నే పెద్దవాళ్లు దిగుతారు. సాయంత్రమైతే పిల్లల సందడి. నెల తిరిగేసరికి అసోసియేషన్ మీటింగులో రెండు ఫిర్యాదులు వస్తాయి. ఒకటి, పూల్ నీళ్లు మసకగా ఉంటున్నాయని. రెండోది, పూల్ మోటారుకి కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందని.

మొదటి ఫిర్యాదుకి ఎవరో ఒకరు వెంటనే మందు చెప్తారు. "పెద్ద మోటారు పెట్టించండి, గట్టిగా లాగితే మురికి అదే పోతుంది" అని. రెండో ఫిర్యాదుకి ఇంకొకరు చెప్తారు. "మోటారు మూడు గంటలే వేయండి, బిల్లు అదే తగ్గుతుంది" అని. రెండూ కలిపితే ఏమవుతుంది? వేగం ఎక్కువ, సమయం తక్కువ. అసలు చేయాల్సింది దీనికి పూర్తిగా తిరగేసి. వేగం తగ్గించాలి. సమయం పెంచాలి. ఈ పూట నేను మీతో చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. ఎందుకలా అన్నది, ఎక్కడ అలా చేయకూడదన్నది, వరుసగా చెప్తాను.

ముందుగా పూల్ నీళ్లు ఎలా తిరుగుతాయో ఒకసారి చూద్దాం. పూల్ గట్టు పక్కనో, కిందనో ఒక చిన్న గది ఉంటుంది. అందులో పంపు ఉంటుంది. దాని పక్కన పెద్ద బుంగలాంటి ఒక ట్యాంకు ఉంటుంది. అదే ఫిల్టర్. మన దగ్గర ఎక్కువ పూళ్లలో ఉండేది ఇసుక ఫిల్టర్. పంపు పూల్‌లో నీళ్లు లాగి ఈ ఫిల్టర్‌లోకి తోస్తుంది. నీళ్లు ఇసుక పైనుంచి కిందికి దిగుతాయి. మురికి ఇసుకలో ఆగిపోతుంది. తేరిన నీళ్లు అడుగునున్న గొట్టాల్లోంచి మళ్లీ పూల్‌లోకి వెళ్తాయి. ఇలా అవే నీళ్లు తిరిగి తిరిగి వడకట్టుకుంటూ ఉంటాయి. మురికిని ఆపేది ఫిల్టర్. నీళ్లని అక్కడిదాకా తీసుకెళ్లేది పంపు. ఈ రెండింటి పనీ వేరు. ఈ తేడా గుర్తుంటే మిగతాదంతా సులువే.

ఇప్పుడు ఒకసారి వంటింట్లోకి వెళ్దాం. పరమాన్నానికి బెల్లం కరగబెడతాం. బెల్లంలో ఇసుకో, మట్టో, చెత్తో ఉంటుంది. అందుకని పలచటి గుడ్డలో పోసి వడకడతాం. ఓపిక ఉన్నవాళ్లు గుడ్డని అలా వదిలేస్తారు. నీళ్లు వాటంతట అవే దిగుతాయి. కింద గిన్నెలో పాకం తేటగా ఉంటుంది. తొందర ఉన్నవాళ్లు గుడ్డని మూటకట్టి గట్టిగా పిండుతారు. పాకం త్వరగానే దిగుతుంది. కానీ దానితోపాటు సన్నటి మడ్డి కూడా దిగుతుంది. గుడ్డ అదే. బెల్లం అదే. మారిందల్లా మన తొందర. పెద్ద పంపు పెట్టి ఫిల్టర్‌లోకి నీళ్లని బలంగా తోయడమంటే, ఆ మూటని పిండడమే.

ఇసుకలో జరిగేది కూడా ఇదే. కొంచెం లోపలికి వెళ్లి చూద్దాం. ఫిల్టర్‌లో పోసే ఇసుక రేణువు మిల్లీమీటరులో దాదాపు సగం ఉంటుంది. మిల్లీమీటరుని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని మైక్రాన్ అంటారు. అంటే రేణువు సుమారు 500 మైక్రాన్లు. రేణువుకీ రేణువుకీ మధ్య ఉండే సందు 70, 80 మైక్రాన్లు ఉంటుంది. మన తల వెంట్రుక మందం కూడా దాదాపు అంతే. మరి ఇసుక ఫిల్టర్ ఆపే మురికి ఎంత చిన్నది? సుమారు 20 నుంచి 40 మైక్రాన్ల దాకా ఉన్నదాన్ని అది ఆపగలదు. అంటే సందు కన్నా చిన్నదాన్ని కూడా ఆపుతుంది.

అదెలా సాధ్యం? సందులో ఇరుక్కుని ఆగేది కొంతే. మిగతాది ఇసుక రేణువుకి అంటుకుని ఆగుతుంది. నీళ్లు వంకరటింకరగా రేణువులని రాసుకుంటూ దిగుతాయి. ఆ దారిలో సన్నటి మట్టి రేణువు ఎక్కడో ఒకచోట ఇసుకకి తగులుతుంది. తగిలి అంటుకుంటుంది. ఈ అంటుకోవడం చాలా బలహీనమైనది. నీళ్లు నెమ్మదిగా వెళ్తుంటే అంటుకున్నది అలాగే ఉంటుంది. నీళ్లు ఉరుకుతుంటే అసలు అంటుకోవడానికే వ్యవధి ఉండదు. ఒకవేళ అంటుకున్నా, వెనకాల దూసుకొచ్చే నీళ్లు దాన్ని మళ్లీ ఊడబెరుక్కుని పోతాయి. అది మళ్లీ పూల్‌లోకే వస్తుంది. అప్పుడు నీళ్లు తిరుగుతూనే ఉంటాయి, మసక మాత్రం పోదు.

ఇక్కడ కొన్ని అంకెలు చెప్తాను. కాగితం అక్కర్లేదు, తేలికైన అంకెలే తీసుకున్నాను. ఒక అపార్ట్‌మెంట్ పూల్ అనుకోండి. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, సగటున మీటరూ ఇరవై సెంటీమీటర్ల లోతు. అందులో పట్టే నీళ్లు లక్షా 8 వేల లీటర్లు. పంపు గంటకు 18 వేల లీటర్లు తోస్తుందనుకుందాం. అంటే 6 గంటల్లో పూల్‌లో ఉన్నంత నీరు ఫిల్టర్‌లోంచి వెళ్తుంది. ఫిల్టర్ ట్యాంకు అడ్డంగా 80 సెంటీమీటర్లు. అందులో ఇసుక పరుపు వైశాల్యం అర చదరపు మీటరు. ఆ లెక్కన ఇసుక మీద నీళ్లు గంటకు 36 మీటర్ల చొప్పున దిగుతున్నట్టు. ఇది చాలా వేగం. బ్రిటన్‌లో పూల్ వాటర్ ట్రీట్‌మెంట్ అడ్వైజరీ గ్రూప్ అని ఒక సంస్థ ఉంది. పబ్లిక్ పూళ్లలో ఇసుక మీద నీళ్లు గంటకు 25 మీటర్లు మించకూడదని వాళ్లు చెప్తారు. మరి మన పంపు వేగాన్ని సగం చేస్తే? గంటకు 9 వేల లీటర్లు. ఇసుక మీద వేగం గంటకు 18 మీటర్లు. హద్దులోకి వచ్చేశాం. ఫిల్టర్ మార్చలేదు, ఇసుక మార్చలేదు. వేగం ఒక్కటే తగ్గించాం.

నిదానంగా వడకట్టడం కొత్త సంగతేమీ కాదు. 1829లో లండన్‌లో చెల్సీ నీటి కంపెనీ కోసం జేమ్స్ సింప్సన్ అనే ఇంజినీరు ఇసుక పరుపుల మీదుగా థేమ్స్ నీటిని వడకట్టే ఏర్పాటు చేశాడు. అక్కడ నీళ్లు బాగా నెమ్మదిగా దిగేవి. ఇలాంటి ఫిల్టర్లలో వేగం గంటకు 10, 20 సెంటీమీటర్లే ఉంటుంది. దాని విలువ ఏమిటో 1892లో జర్మనీలో తెలిసింది. హాంబర్గ్ నగరం ఎల్బే నది నీళ్లని వడకట్టకుండానే జనానికి ఇచ్చేది. ఆ ఏడాది కలరా వచ్చింది. 8 వేల మందికి పైగా చనిపోయారు. దాన్ని ఆనుకునే అప్పట్లో ఆల్టోనా అనే ఊరుండేది. అదే నది నీళ్లు వాడుకునేది. పైగా హాంబర్గ్ మురుగు కలిశాక వచ్చే నీళ్లు. అయినా అక్కడ చావులు చాలా తక్కువ. కారణం, ఆల్టోనా ఆ నీటిని ఇసుకలో నిదానంగా వడకట్టేది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన కృష్ణా, గోదావరి డెల్టా పల్లెల్లో కాలువ నీటిని పెద్ద చెరువుల్లో నింపుకుని, పక్కనే ఇసుక ఫిల్టర్ బెడ్ల మీదుగా దింపి కుళాయిలకు ఇస్తారు. మీలో చాలామంది ఆ నీళ్లు తాగే పెరిగి ఉంటారు. అయితే ఒక మాట. అక్కడ పైపొరలో సూక్ష్మజీవుల పొర ఒకటి పెరిగి అది కూడా నీటిని శుభ్రం చేస్తుంది. పూల్‌లో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఆ పొర పెరగదు. పెరగకూడదు కూడా. కాబట్టి పూల్ ఫిల్టర్ ఆ ఫిల్టర్ బెడ్‌తో సమానం కాదు. కానీ ఇసుకకి నీళ్లు ఎంత నెమ్మదిగా అందితే అంత బాగా వడకడుతుందన్న సూత్రం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇంతవరకు నీళ్ల సంగతి. ఇప్పుడు కరెంటు బిల్లు సంగతి. ఇక్కడ అసలైన లాభం ఉంది.

పంపు వేగాన్ని సగం చేశారనుకోండి. నీళ్లు సగమే వస్తాయి. అది అందరికీ తెలుసు. మరి కరెంటు ఎంత తగ్గుతుంది? సగం అనుకుంటాం. కాదు. సగం కన్నా చాలా ఎక్కువే తగ్గుతుంది. నీళ్లు సగం అవుతాయి. గొట్టాల్లో, ఫిల్టర్‌లో ఎదురయ్యే ఒత్తిడి సగంలో సగం అవుతుంది. ఈ రెండూ కలిస్తే, పంపు తీసుకునే శక్తి సగంలో సగంలో సగం అవుతుంది. అంటే ఎనిమిదో వంతు. రూపాయి ఖర్చయ్యే చోట పన్నెండున్నర పైసలు.

మన లెక్కకే వద్దాం. రెండు హార్స్‌పవర్ పంపు. గంటకు ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుందనుకుందాం. పూర్తి వేగంతో 6 గంటలు నడిస్తే 9 యూనిట్లు. ఇప్పుడు సగం వేగంతో 12 గంటలు నడపండి. అంతే నీళ్లు, అదే లక్షా 8 వేల లీటర్లు తిరుగుతాయి. కరెంటు లెక్క ప్రకారం రెండుంబావు యూనిట్లే అవ్వాలి. నిజంగా అంత తక్కువ రాదు. మోటారులో, వేగం తగ్గించే పరికరంలో కొంత కరెంటు వృథా అవుతుంది. మూడు, మూడున్నర యూనిట్లు అవుతుందని వేసుకోండి. అయినా 9 యూనిట్లెక్కడ, మూడున్నర ఎక్కడ? పంపు రెండింతల సేపు తిరిగింది. బిల్లు సగానికన్నా కిందికి దిగింది. మోటారు ఎక్కువసేపు తిరిగితే బిల్లు పెరుగుతుందన్న లెక్క, వేగం మారనప్పుడే నిజం. వేగం తగ్గించి ఎక్కువసేపు నడిపితే బిల్లు తగ్గుతుంది.

ఇక్కడ మీకొక అనుమానం రావచ్చు. "మరి మా మిద్దె మీద ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారుకి కూడా ఇలాగే చేయొచ్చా?" అని. చేయకూడదు. అక్కడ నీళ్లని ఐదంతస్తుల ఎత్తుకి ఎత్తాలి. వేగం తగ్గిస్తే ఆ ఎత్తుకి నీళ్లు ఎక్కనే ఎక్కవు. మోటారు ఊరికే తిరుగుతుంది. పూల్ సంగతి వేరు. పూల్‌లోంచి తీసిన నీళ్లు మళ్లీ పూల్‌లోకే వస్తాయి. ఎత్తాల్సిన ఎత్తు దాదాపు ఏమీ లేదు. పంపు పోరాడేదంతా గొట్టాల రాపిడితోనూ ఇసుక అడ్డుతోనూ. అందుకే వేగం తగ్గిస్తే ఇంత ఆదా. ఇది గుండ్రంగా తిరిగే నీళ్లకు పనికొచ్చే సూత్రం. పైకెక్కే నీళ్లకు కాదు.

అమెరికాలో ఈ లెక్కని ప్రభుత్వమే పట్టించుకుంది. అక్కడి ఇంధన శాఖ పూల్ పంపులకు పెట్టిన ప్రమాణాలు 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చాయి. ఇంటి వెనక పూళ్లకు వాడే పంపుల్లో కాస్త పెద్దవి ఆ ప్రమాణాన్ని అందుకోవాలంటే, వేగం మార్చుకోగలిగినవై ఉండాలి. డల్లాస్‌లోనో ఫీనిక్స్‌లోనో మీ పిల్లలు సొంతిల్లు కొనుక్కుని, వెనక పూల్ ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి. వాళ్ల పంపు మీద వేగం మార్చే మీటలు ఉండే ఉంటాయి. చాలామంది వాటిని ముట్టుకోరు. ఇన్‌స్టాల్ చేసినవాడు పెట్టిన వేగంతోనే ఏళ్ల తరబడి నడుపుతారు.

మన దగ్గర ఎలా? పూల్ మోటారు త్రీ ఫేజ్ అయితే దానికి వీఎఫ్‌డీ అనే పరికరం తగిలించవచ్చు. మనకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్. ఆ పరికరం దాన్ని 25కి తగ్గిస్తే మోటారు సగం వేగంతో తిరుగుతుంది. సింగిల్ ఫేజ్ మోటారు అయితే మామూలు వీఎఫ్‌డీ పెట్టకండి. మోటారు పాడవుతుంది. దానికి వేగం మార్చుకునే పంపే కొనాలి. ఇంకొకటి. మోటారుని చల్లబరిచే ఫ్యాన్ కూడా ఆ ఇరుసు మీదే ఉంటుంది. మోటారు నెమ్మదిస్తే ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. అందుకని ఎంత దాకా తగ్గించవచ్చో మోటారు తయారీదారుని అడిగి పెట్టించుకోండి. సగం దాకా సాధారణంగా ఇబ్బంది ఉండదు. పంపు గది మాత్రం గాలి ఆడేలా ఉండాలి.

సరే. నెమ్మదిగా నడపాలని ఇంతసేపు చెప్పాను. ఇప్పుడు ఎక్కడ నెమ్మది పనికిరాదో చెప్తాను. ఇది కూడా అంతే ముఖ్యం.

మొదటిది, ఫిల్టర్ కడగడం. దీన్ని మనవాళ్లు బ్యాక్‌వాష్ అంటారు. నీళ్లని ఇసుక అడుగునుంచి పైకి తోస్తారు. ఇసుక పరుపు ఉబ్బాలి. రేణువులు ఒకదానికొకటి దూరమై, ఒకదాన్నొకటి రాసుకుంటూ ఎగరాలి. అప్పుడే వాటికి అంటుకున్న మురికి వదులుతుంది. దీనికి బలం కావాలి. సగం వేగంతో కడిగితే ఇసుక కదలదు. నీళ్లు ఎక్కడో ఒక దారి చేసుకుని ఆ దారినే పోతాయి. మిగతా ఇసుక మురికితో గడ్డకడుతుంది. కాబట్టి గుర్తు పెట్టుకోండి. వడకట్టేటప్పుడు నిదానం. కడిగేటప్పుడు వేగం. వీఎఫ్‌డీ పెట్టించుకున్న చాలా చోట్ల ఆపరేటరుకి ఈ మాట ఎవరూ చెప్పరు. అతను సగం వేగం మీదే కడిగేస్తాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఫిల్టర్ పని చేయట్లేదంటారు. తప్పు నిదానంగా వడకట్టడంలో లేదు. నిదానంగా కడగడంలో ఉంది.

కడిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఫిల్టర్ మీద వాల్వ్ పిడి ఉంటుంది కదా. దాన్ని మోటారు ఆపాకే తిప్పాలి. నడుస్తుండగా తిప్పితే లోపలి రబ్బరు చిరుగుతుంది. తర్వాత పక్కనున్న గాజు గొట్టంలోంచి చూస్తూ ఉండాలి. మొదట మట్టి నీళ్లు వస్తాయి. రెండు మూడు నిమిషాల్లో తేరుకుంటాయి. తేరగానే మోటారు ఆపేసి, వాల్వ్‌ని రిన్స్ అన్నచోటికి తిప్పి ఒక నిమిషం నడపాలి. ఆ తర్వాతే మళ్లీ వడపోతకు పెట్టాలి. మన పంపుతో మూడు నిమిషాలు కడిగితే 900 లీటర్లు బయటికి పోతాయి. ఎండాకాలంలో ట్యాంకర్ కొనుక్కునే కాలనీల్లో అది చిన్న ఖర్చు కాదు. అందుకే రోజూ కడగకండి. పైగా కొద్దిగా మురికి పట్టిన ఇసుక, అప్పుడే కడిగిన ఇసుక కన్నా సన్నటి మురికిని పడుతుంది. అవసరమైనప్పుడే కడగాలి.

అవసరమని ఎలా తెలుస్తుంది? ఫిల్టర్ మీద ప్రెషర్ గేజ్ ఉంటుంది. ఇసుకలో మురికి పేరుకునేకొద్దీ ముల్లు పైకి జరుగుతుంది. కడిగిన కొత్తలో ఉన్నదానికన్నా అర కిలో ఎక్కువ చూపిస్తే కడగాలన్నది వాడుక. ఇక్కడ నెమ్మది వల్ల ఒక చిక్కు వస్తుంది. సగం వేగం మీద ప్రెషర్ నాలుగో వంతే ఉంటుందని చెప్పుకున్నాం కదా. పూర్తి వేగం మీద 0.8 కిలోలు చూపించే గేజ్, సగం వేగం మీద 0.2 చూపిస్తుంది. మురికి పట్టినా ముల్లు కదిలీ కదలనట్టు ఉంటుంది. ఆపరేటర్ చూసి, బాగానే ఉందనుకుంటాడు. ఇసుక మూసుకుపోతున్నా తెలియదు. దీనికి ఉపాయం సులువు. వారానికోసారి, ఒకే రోజున, పంపుని పూర్తి వేగంలో పెట్టి గేజ్ చూడండి. గోడ మీద ఒక కాగితం అంటించి అంకె రాయండి. ఎప్పుడూ ఒకే వేగం మీద చూసిన అంకెలనే పోల్చాలి. సగం వేగం అంకెని, పూర్తి వేగం అంకెతో పోలిస్తే లెక్క తప్పుతుంది.

రెండోది, నీళ్ల పైపొర. తలకి కొబ్బరినూనె రాసుకుని పూల్‌లో దిగేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆ నూనె, ఆకులు, పురుగులు, దుమ్ము, అన్నీ పైన తేలతాయి. వాటిని లాగేది గట్టు దగ్గరుండే స్కిమ్మరో, చుట్టూ ఉండే ఓవర్‌ఫ్లో కాలువో. నీళ్లు మరీ నెమ్మదిగా తిరిగితే ఆ లాగుడు ఉండదు. పైన జిడ్డు అలాగే నిలుస్తుంది. అందుకని రోజులో కొంతసేపు పూర్తి వేగం కావాలి. పొద్దున జనం దిగకముందు ఒక గంట. సాయంత్రం పిల్లలు ఉన్నప్పుడు రెండు గంటలు. 12 గంటల్లో మిగతా తొమ్మిది గంటలు సగం వేగం. అప్పుడు రోజుకి లక్షా 35 వేల లీటర్లు తిరుగుతాయి. మన పూల్ నీళ్ల కన్నా ఎక్కువే. కరెంటు 7 యూనిట్ల చుట్టూ అవుతుంది. పాత పద్ధతిలో 6 గంటలకే 9 యూనిట్లు అయ్యేది. నీళ్లు ఎక్కువ తిరిగాయి, ఖర్చు తగ్గింది, పైన జిడ్డూ పోయింది.

నీళ్లు ఎక్కువ తిరగడం ఎందుకు మంచిదంటే, ఒక చిన్న సంగతి ఉంది. లక్షా 8 వేల లీటర్లు ఫిల్టర్‌లోంచి వెళ్లాయంటే, పూల్‌లో ప్రతి చుక్కా వడకట్టినట్టు కాదు. వడకట్టిన నీళ్లు వెళ్లి మురికి నీళ్లలోనే కలుస్తాయి. కొన్ని నీళ్లు రెండుసార్లు వెళ్తాయి. కొన్ని ఒకసారి కూడా వెళ్లవు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ నీళ్లు ఇంకా ఫిల్టర్ మొహం చూడనే చూడవు. రెండు చుట్లకి అది ఏడో వంతు అవుతుంది. మూడు చుట్లకి నూటికి ఐదు వంతులు. కాబట్టి జనం ఎక్కువగా దిగే ఎండాకాలంలో ఇంకా ఎక్కువసేపు నడపండి. నెమ్మదిగా నడుపుతున్నాం కాబట్టి ఆ భారం మోయగలం. అదే పూర్తి వేగంతో అయితే రోజంతా నడపడానికి ఏ కమిటీ ఒప్పుకుంటుంది?

మూడోది, మందులు. క్లోరిన్‌ని, ఆమ్లాన్ని పంపు ద్వారా చుక్కచుక్కగా కలిపే యంత్రం మీ పూల్‌లో ఉంటే, అది పంపు వేగంతో ముడిపడి ఉండాలి. పంపు ఆగితే అది కూడా ఆగాలి. లేకపోతే గొట్టంలో క్లోరిన్, ఆమ్లం పోగుపడతాయి. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. పంపు మళ్లీ వేయగానే అది పూల్‌లో ఉన్నవాళ్ల మీదికి వస్తుంది. ఇలాంటి ప్రమాదాలు చాలా దేశాల్లో జరిగాయి. వీఎఫ్‌డీ పెట్టించే రోజునే ఈ సంగతి కూడా ఎలక్ట్రీషియన్‌తో సరిచూయించుకోండి. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం ఉంటే, కొంత కనీస ప్రవాహం లేనిదే అది పని చేయదు. వేగాన్ని అది ఆగిపోయేంతగా తగ్గించకండి.

ఫిల్టర్ మీద మరీ భరోసా పెట్టుకోకూడదు కూడా. క్రిప్టోస్పోరిడియం అని ఒక సూక్ష్మజీవి ఉంది. విరేచనాలు కలిగిస్తుంది. దాని పరిమాణం 4 నుంచి 6 మైక్రాన్లు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఇది తాగునీటి ఫిల్టర్లని దాటుకుని వచ్చి దాదాపు 4 లక్షల మందిని జబ్బుపడేసింది. పూల్‌లో మామూలుగా ఉండే క్లోరిన్‌కి ఇది రోజుల తరబడి చావదు. ఇసుక ఒక్కటే దీన్ని ఆపలేదు. పటికలాంటి గడ్డకట్టించే మందుని కొద్దికొద్దిగా కలుపుతూ, నెమ్మదిగా వడకడితే చాలావరకు ఆపవచ్చు. ఆ మందు కూడా వేగం మీద పని చేయదు. దానికీ నిదానమే కావాలి. అన్నిటికన్నా తేలికైన జాగ్రత్త ఒకటుంది. విరేచనాలవుతున్న పిల్లల్ని పూల్‌లోకి పంపకండి. తగ్గాక కూడా రెండు వారాలు ఆగండి. దిగే ముందు అందరూ సబ్బుతో స్నానం చేయండి.

ఇక ముగిస్తాను. ఇంతసేపు విన్నదాంట్లో మూడు మాటలు గుర్తుంటే చాలు. వడకట్టేటప్పుడు పంపు నిదానంగా, ఎక్కువసేపు తిరగాలి. ఫిల్టర్ కడిగేటప్పుడు పూర్తి వేగంతో తిరగాలి. గేజ్‌ని ఎప్పుడూ పూర్తి వేగం మీదే చూసి అంకె రాసిపెట్టుకోవాలి.

రేపు ఆదివారం మీ అసోసియేషన్ మీటింగు ఉంటే, పెద్ద మోటారుకి కొటేషన్ తెప్పించే ముందు పంపు గదిలోకి ఒకసారి వెళ్లండి. మోటారు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా చూడండి. ఫిల్టర్ ట్యాంకు అడ్డం ఎంతుందో టేపుతో కొలవండి. పంపు గంటకు ఎన్ని లీటర్లు తోస్తుందో దాని మీద రాసి ఉంటుంది, అది రాసుకోండి. పూల్ ఆపరేటరుని కూడా పిలిచి పక్కన నిలబెట్టుకోండి. రోజూ ఆ పిడి తిప్పేది అతనే కాబట్టి, నిదానం ఎక్కడో వేగం ఎక్కడో ముందు అతనికి తెలియాలి. ఈ మూడు వివరాలు చేతిలో ఉంటే మీకు కావాల్సింది కొత్త మోటారా, ఉన్న మోటారుకి తక్కువ వేగమా అన్నది మీటింగులో పావుగంటలో తేలిపోతుంది.